షీటు మీద ఆరుగురు

ఏప్రిల్ 6, సోమవారం

గురువారం నాలుగింటికి ఆఫీసు పెద్దవాళ్ళందరి ముందూ నేను మాట్లాడాలి. ఇరవై నిమిషాలు. ఏ భవనానికి ఏ బాంబు వాడతాం, ఎందుకు వాడతాం. మూడేళ్ళుగా మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చుని నింపుతున్న షీట్ల గురించి ఇన్నాళ్ళకి ఎవరో అడిగారు. స్కేలు తనే మాట్లాడతానంటాడనుకున్నాను. మా పైఅధికారికి ఆ పేరు పెట్టింది నేనే. చేతిలో ఎప్పుడూ స్టీలు స్కేలు, దాంతోనే వీపు గోక్కుంటాడు, దాంతోనే మ్యాపు మీద ఊళ్ళు కొలుస్తాడు. "నువ్వయితేనే వింటారు. ఆడపిల్ల చెబితే బాంబు కూడా పద్ధతిగా కనిపిస్తుంది" అన్నాడు. ఆ మాటకి గట్టిగా ఏదైనా అనాల్సింది. థాంక్యూ సార్ అన్నాను.

ఇంటికొచ్చి అమ్మ ముందూ అక్క ముందూ రిహార్సల్ వేశాను. భోజనాల బల్ల మీద గ్లాసులు భవనాలు, చెంచాలు బాంబులు. అసలు పేర్లు బయట చెప్పకూడదు కాబట్టి ఆఫీసులో మేం పిలుచుకునే పేర్లే చెప్పాను.

"ఇది కళ్ళది. పైలట్ పైనుంచి ఒకచోట లేజర్ వెలుగు పెడతాడు. బాంబు ఆ వెలుగున్న చోటికే పోతుంది. చివర్లో ఎవరైనా అడ్డొచ్చారనుకో, వెలుగుని పక్కన ఖాళీ స్థలంలోకి జరిపేస్తాడు. బాంబూ అటే పోతుంది."

"బాగుందే" అంది అమ్మ.

"ఇది గుడ్డిది. ఉపగ్రహం చూపించిన అంకెల దగ్గరికి పోతుంది. మబ్బున్నా పోతుంది, పొగున్నా పోతుంది. ఒకే విమానం నాలుగు పట్టుకెళ్ళి నాలుగు చోట్ల వదిలి తిరిగొచ్చేయొచ్చు. కాకపోతే వదిలాక ఇక అంతే. కింద ఎవరొచ్చారో దానికి పట్టదు."

"ఏది సరిగ్గా తగుల్తుంది?" అక్క అడిగింది. అక్క పళ్ళ డాక్టరు. సరిగ్గా అన్న మాట వినపడితే చాలు, చెవులు రిక్కిస్తుంది.

"రెండూ సరిగ్గానే. రెండు మూడు మీటర్లు అటూ ఇటూ."

"మరి గుడ్డిదెందుకే?"

"మబ్బు పట్టినప్పుడు. విమానాలు చాలనప్పుడు. కింద ఎంతమందో ముందే తెలిసినప్పుడు."

"ముందే ఎలా తెలుస్తుంది?"

"పైనుంచి తీసిన ఫోటోలు చూసి లెక్కేస్తాం. ఈ గంటకి ఈ భవనంలో ఎంతమంది ఉంటారో. ఆ లెక్క నాదే."

అమ్మ ఇంకేం వినలేదు. గోడ మీదుగా పక్కింటావిడకి చెప్పేసింది, మా చిన్నది లెక్కలేసి మనుషుల ప్రాణాలు కాపాడుతోందని. నేను కాదనలేదు. కాదనడానికి ఏముంది? ఒకప్పుడు ఒక్క వంతెన కోసం ఊరు ఊరంతా తగలబెట్టేవాళ్ళు. ఇప్పుడు వంతెనే పోతుంది. మధ్యలో ఉన్నది నాలాంటివాళ్ళే.

ఇవాళ సరిహద్దు అవతలి ఊళ్ళో రెండు మొబైల్ టవర్లు అయిపోయాయి. రెండూ నా షీట్లే. చిన్న బాంబులు. ఒక్క మనిషికీ గీరుకోలేదు. ఇవి స్లైడ్లో పెట్టాలి.

ఏప్రిల్ 8, బుధవారం

అదే ఊళ్ళో టెలిఫోన్ ఎక్స్‌చేంజి. రెండంతస్తులు, ఇటుక గోడలు, యంత్రాలు పైన. ఎదురుగా బస్సులు ఆగే చోటు, వెనక ఖాళీ స్థలం. పొద్దున పదింటికి లోపల ఆరుగురు. ఎదురుగా బస్సులు ఆగుతాయి, వెలుగు జరపడానికి వెనక జాగా ఉంది, కాబట్టి కళ్ళది అని రాశాను. మంచి షీటు. నాకే ముచ్చటేసింది.

స్లైడ్లు పదకొండయ్యాయి. తొమ్మిదికి తగ్గించాలి.

ఏప్రిల్ 9, గురువారం

చప్పట్లు కొట్టారు. నాకు. రెండో నిమిషంలో ఒక్కసారి మాట తడబడింది, తర్వాత నీళ్ళు తాగినట్టు సాగిపోయింది. ముందు వరసలో తెల్ల మీసాలాయన అడిగాడు: "చిన్న బాంబులు రాకముందు మనం ముట్టుకోలేని భవనాలు ఇప్పుడు ఎన్ని ముట్టుకోగలుగుతున్నాం?" ఆ లెక్క నా దగ్గరుంది. జాబితాలో మూడోవంతు సార్, అన్నీ ఇళ్ళ మధ్యవీ, ఆస్పత్రుల పక్కవీ అన్నాను. అప్పుడు కొట్టారు చప్పట్లు.

స్కేలు వీపు తట్టాడు. స్కేలుతో కాదు, చేత్తోనే.

ఎక్స్‌చేంజి కూడా అయిపోయిందట, పదీ ఇరవైకి. గుడ్డిదే వాడారు. పొద్దున ఒకే విమానంలో వెళ్ళిన ప్యాకేజీలో మిగతా మూడూ గుడ్డివే కాబట్టి దాన్నీ అందులోకి తోశారు. పైనుంచి మార్చారు. నాకేం.

ఏప్రిల్ 10, శుక్రవారం

ముప్ఫై ఒకరు. షీటు మీద ఆరుగురు.

ఏప్రిల్ 11, శనివారం

ఆరుకీ ముప్ఫై ఒకటికీ మధ్య ఇరవై ఐదుమంది ఎక్కణ్ణుంచి వచ్చారని నిన్నంతా ఆఫీసులో ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళ సైనికుల్ని దాచారేమో అన్నాడొకడు. అవతలివాళ్ళు శవాలు తెచ్చి పేర్చారన్నాడు ఇంకొకడు, టీ ఊదుకుంటూ. వాడి టీ కప్పు లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది.

ఇవాళ పొద్దున వాళ్ళ టీవీలో ఒక ముసలాయన చెబుతున్నాడు. సోమవారం టవర్లు పోయాక ఊళ్ళో ఎవరి ఫోనూ పలకలేదట. పలికేది ఎక్స్‌చేంజిలో ఉన్న నాలుగు ఫోన్లే. మంగళవారం నించీ జనం అక్కడ వరస కడుతున్నారు. పై ఊళ్ళలో ఉన్న పిల్లలకీ అప్పచెల్లెళ్ళకీ మేం బాగానే ఉన్నాం అని చెప్పుకోవడానికి. మనిషికి రెండు నిమిషాలు. వరస గుమ్మం దాటి లోపలికొచ్చి మెట్ల దాకా ఉందట.

టవర్లు పడగొట్టిందీ మేమే. అవి పడితే జనం ఎక్కడికి పోతారు? ఈ ప్రశ్న చంటిపిల్లని అడిగినా చెబుతుంది. మేం అడగలేదు. ఎందుకంటే టవర్ల షీటు వేరు, ఎక్స్‌చేంజి షీటు వేరు. ఒక షీటు ముగిశాక ఫైల్లో పెట్టేస్తాం. రెండో షీటుకి మొదటిదాంతో చుట్టరికం లేదు. నా ఆరుగురు ఎక్కడివాళ్ళు? మూడు వారాల కిందటి ఫోటోలోవాళ్ళు. అప్పటికి టవర్లున్నాయి.

నేను కళ్ళది రాశాను. కళ్ళదయితే పైలట్‌కి వరస కనపడేది. గుమ్మం బయట నిలబడ్డవాళ్ళయినా కనపడేవాళ్ళు. వెనక ఖాళీ స్థలముంది, జరిపేవాడు. నేను సరిగ్గానే రాశాను. స్కేలు మార్చాడు. పెద్దవాళ్ళకి నాలుగు చోట్లూ ఒక్క పొద్దుటే కావాలి కాబట్టి మార్చాడు. మార్చినవాడు హాయిగా ఉన్నాడు.

అక్కకి చెబితే సముదాయిస్తుందనుకున్నాను. క్లినిక్‌కి వెళ్ళాను, మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ. గ్లవుజులు తీయకుండానే వింది.

"మూడు వారాల కిందటి ఫోటోనా?"

"అంతకంటే కొత్తది రాలేదు."

"నేను పన్ను పీకే ముందు ఇవాళ్టి ఎక్స్‌రే తీస్తానే. మూడు వారాల కిందటిది చూసి పీకితే నా మీద కేసు పెడతారు."

"అది వేరు, ఇది వేరు."

"అవును. నా దగ్గరికొచ్చినవాడు నోరు తెరిచి నొప్పి అంటాడు."

"ఫోటో పాతదని తెలిసే కదా కళ్ళది రాశాను. నన్నెందుకంటావు, మార్చింది నేను కాదు."

"నిన్నేమన్నాను? నువ్వెందుకు ఉలిక్కిపడుతున్నావు?"

తలుపు గట్టిగా వేసి వచ్చేశాను. దానికన్నీ తెలుసనుకుంటుంది. పళ్ళ డాక్టరు.

ఏప్రిల్ 13, సోమవారం

విచారణ మొదలైంది. విచారణాధికారిణి రెండో అంతస్తులో, లైబ్రరీ గదిలో కూర్చుంది. నెరిసిన జుట్టు, మెడలో తాడుకి కళ్ళజోడు. అందరికీ తలా ఒక ఫారం ఇచ్చింది. గుడ్డిది ఎందుకు ఎంచుకున్నారు? కారణానికి నాలుగు గడులు: వాతావరణం, యంత్రలోపం, సమాచార లోపం, శత్రుచర్య. ఒకదాంట్లో టిక్కు పెట్టి కింద నాలుగు వాక్యాలు రాసి శుక్రవారానికి ఇవ్వాలి.

ముందే ఒక మాట చెప్పింది, చదివినట్టు. ఆయుధం తన పని తాను చేసిందట. అనుకున్న చోటికి ఒక మీటరూ నలభై సెంటీమీటర్ల దూరంలో పడిందట. మా గదిలో ఒకడు తృప్తిగా తలూపాడు. సరిగ్గా పడింది. అవును. వరస మధ్యలో సరిగ్గా పడింది.

స్కేలు నన్ను కారిడార్లోకి పిలిచాడు. "వాతావరణం అని పెట్టు. అందరం అదే పెడుతున్నాం. మబ్బుంటుందన్నాడు, మబ్బు లేదు. తొమ్మిదిన్నరకే ఆకాశం అద్దంలా ఉంది. ఆయన మాట నమ్మి గుడ్డిది వేశాం. అంతే కథ."

ఆయన అంటే మబ్బులాయన. వాతావరణ విభాగంలో ముప్ఫై రెండేళ్ళు చేశాడు. ఆగస్టులో రిటైరవుతాడు. ఎండాకాలంలో కూడా గొడుగు పట్టుకొస్తాడని అందరూ నవ్వుతారు. నాతో చేరిన వాళ్ళందరికీ మబ్బుల రకాలు నేర్పింది ఆయనే.

"ఆయనకేమవుతుంది సార్?" అన్నాను.

"ఏమవుతుంది, ఆగస్టులో పోయేవాడు ఏప్రిల్‌లో పోతాడు. పేరు కాస్త పోతుంది. ముసలాళ్ళకి పేరెందుకు?"

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. వీళ్ళు ఆకాశాన్ని కూడా వదల్లేదు.

ఏప్రిల్ 14, మంగళవారం

మార్చింది స్కేలు. షీటు మార్చమన్నది స్కేలు. ఫోన్ చేసింది స్కేలు.

ఏప్రిల్ 15, బుధవారం

మబ్బులాయన మెట్ల మీద ఎదురయ్యాడు. లిఫ్టు ఎక్కడం మానేశాడట, లిఫ్టులో అందరూ మాట్లాడ్డం ఆపేస్తున్నారని. రెండో అంతస్తు మలుపులో ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. నేనూ ఆగాల్సొచ్చింది.

"పన్నెండు దాకా మబ్బుంటుందన్నాను. తొమ్మిదిన్నరకి విడిపోయింది" అన్నాడు. "అది నా తప్పేనమ్మాయ్. గాలి అంత తొందరగా తిరుగుతుందనుకోలేదు."

"మీరు చెప్పినట్టు మబ్బున్నా గుడ్డిదే వేసేవాళ్ళు కదండీ."

"వేసేవాళ్ళు. నా రిపోర్టు కింద ఒక ముక్క రాశాను, చూశావా? మధ్యాహ్నం తేట, ఆగితే మంచిది అని."

నేను రైలింగు వైపు చూశాను.

"చూసే ఉంటావులే. నువ్వు కింది దాకా చదువుతావు. మిగతా గాడిదలు పై గీత దాకానే చదువుతారు."

మెచ్చుకున్నాడు. నన్ను. ఇంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేది. ఎక్కడలేని కోపం వచ్చింది, ఆయన మీదే వచ్చింది. ఎందుకలా మెత్తగా మాట్లాడతాడు? అరవొచ్చు కదా. ముప్ఫై రెండేళ్ళు చేసినవాడు ఆ పాటి అరవలేడా?

ఏప్రిల్ 16, గురువారం

సెలవు పెట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. రాసేస్తాను.

బుధవారం, ఎనిమిదో తారీఖు, సాయంత్రం అయిదింటికి స్కేలు ఫోన్ చేశాడు. రేపు పొద్దుటి ప్యాకేజీలో నాలుగో బాంబుకి చోటు ఖాళీగా ఉందన్నాడు. "ఎక్స్‌చేంజిని గుడ్డిదానికి మార్చగలవా? మార్చలేనంటే చెప్పు, కళ్ళదే ఉంచుదాం, సాయంత్రం వేరే విమానం పంపుదాం" అన్నాడు.

అడిగాడు. మార్చు అనలేదు. వారం రోజులుగా ఈ ఒక్క ముక్క దగ్గరికి రాకుండా తిరుగుతున్నాను. ఇదే పుస్తకంలో పైనుంచి మార్చారు అని రాశాను. స్కేలు మార్చాడు అని మూడుసార్లు రాశాను. రాస్తే అయిపోతుందనుకున్నాను కాబోలు.

కళ్ళదే ఉంచుదాం సార్ అని ఉంటే ఏమయ్యేది? షీటు వెనక్కొచ్చేది. వేరే విమానానికి మళ్ళీ ఆమోదం కావాలి. ఆ ఆమోదం ఇచ్చే సమావేశం గురువారం మూడున్నరకి. షీటు రాసినవాళ్ళు అందులో కూర్చోవాలి. అయిదు దాకా వదలరు. నాలుగింటికి నా ఇరవై నిమిషాలు. నా బదులు స్కేలు మాట్లాడేవాడు. నా తొమ్మిది స్లైడ్లు వాడు చదివేవాడు.

మబ్బులాయన కింద రాసిన ముక్క చదివాను. ఆగితే మంచిది. చదివి, ఎలాగూ ఆరుగురే కదా అనుకున్నాను. ఆరుగురే కదా అని మనసులో అన్నాను. ఆ ఆరుగురు మనుషులు కారా? ఆరుగురయితే నేనివాళ సెలవు పెట్టేదాన్నా? పెట్టేదాన్ని కాదు. చప్పట్ల సంగతి పక్కింటావిడకి చెప్పుకుంటూ ఉండేదాన్ని.

"మార్చొచ్చు సార్" అన్నాను. రబ్బరుతో తుడిచాను. గుడ్డిది అని రాశాను. పక్కన పొట్టి సంతకం పెట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అయిదున్నర బస్సు దొరికింది, కిటికీ పక్కన సీటు దొరికింది.

స్కేలు మంచివాడని కాదు. వాడి సంగతి వాడికుంది. నా చేత్తో తుడిపించుకున్నాడు, వాడి చేతికి రబ్బరు పొడి కూడా అంటలేదు. కానీ గురివింద గింజలా ఊరందరి నలుపూ ఎంచుతూ కూర్చున్నది నేను. లేజరా ఉపగ్రహమా, మబ్బా ఎండా, బరువా దూరమా అని తొమ్మిది స్లైడ్లలో చెప్పాను, ఆయుధాన్ని ఎలా ఎంచుకుంటామో. అవన్నీ నిజాలే. ఆ రోజు ఆ ఆయుధాన్ని నా ప్రసంగం ఎంచుకుంది.

అక్క నాలుగింటికే వచ్చేసింది. ఈ పేజీ ఇచ్చాను. నిలబడే చదివింది. తిడుతుందనుకున్నాను.

"రేపు ఏం రాస్తున్నావు ఆ ఫారంలో?"

"నువ్వే చెప్పు."

"నేను చెప్పను. చెబితే రేపు అక్క చెప్పింది కాబట్టి రాశానంటావు."

ఏప్రిల్ 17, శుక్రవారం

నాలుగు గడుల్లో ఒక్కదాంట్లోనూ టిక్కు పెట్టలేదు. వెనక తెల్ల కాగితం జత చేసి రాశాను. మబ్బు కారణం కాదు, వాతావరణ విభాగం ఆగమని రాసింది, అది చదివాను. పైఅధికారి మార్చగలవా అని అడిగారు, మార్చలేనని చెప్పే వీలు నాకుంది. టవర్లు పోయాక జనం ఎక్కడికి పోతారో లెక్కవేయలేదు, వేయాల్సింది నేనే. మరుసటి రోజు నాలుగింటి ప్రసంగం పోతుందని మార్చాను. నా ఇష్టప్రకారమే మార్చాను.

విచారణాధికారిణి రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి తాడుకి వదిలేసింది.

"దీనికి ఫారంలో గడి లేదమ్మా."

"లేదండి. అందుకే వెనక రాశాను."

"సమాచార లోపం అని పెట్టుకోండి. ఫోటో పాతదే కదా, అబద్ధమేం కాదు. ఎవరికీ ఏమీ కాదు."

"ఎవరికీ ఏమీ కాకూడదా అండీ?"

నా వైపు చూసింది. "మీ సార్ మీరు ఒత్తిడిలో ఉన్నారంటున్నారు."

"ఆయన స్కేలు మర్చిపోయి వచ్చినా ఒత్తిడే అంటారు. నేను బాగానే ఉన్నాను. ఆ కాగితం ఫైల్లో పెట్టండి. పెట్టినట్టు నాకో రసీదు ఇవ్వండి."

"ఈ భవనంలో మీకిక పని ఉండదు. తెలుసుగా?"

"తెలుసు."

రసీదు ఇచ్చింది. కోపంగానే ఇచ్చింది. నేనూ కోపంగానే తీసుకున్నాను.

ఏప్రిల్ 18, శనివారం

అమ్మకి చెప్పాను. పక్కింటావిడకి ఏం చెప్పను అంది ముందు. తర్వాత వంటింట్లో గిన్నెలు కడిగినవే మళ్ళీ కడిగింది.

ఏప్రిల్ 22, బుధవారం

విచారణ రిపోర్టులో మబ్బులాయన పేరు తీసేశారు. నా పేరు ఎక్కించారు. స్కేలుకి ఏమీ కాలేదు, ఇంకో గది ఇచ్చారు, కిటికీ ఉన్నది. నన్ను మధ్యాహ్నం పన్నెండుకల్లా బల్ల ఖాళీ చెయ్యమన్నారు.

మబ్బులాయన వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నీకు థాంక్స్ చెప్పనమ్మాయ్" అన్నాడు.

"వద్దండి."

"వారం రోజులు నా ముందే మెట్లెక్కావు దిగావు. ఆ రోజు మెట్ల మీదయినా చెప్పాల్సింది."

ఇన్నాళ్ళకి అరిచాడు. పెద్దగా కాదు, ఆయన అరవగలిగినంత. వెళ్ళిపోయాడు. కాస్త ఊపిరాడింది.

నా బల్ల దగ్గర అప్పటికే కొత్తమ్మాయి కూర్చుంది. కాలేజీ నించి నేరుగా వచ్చినట్టుంది, పెన్సిళ్ళన్నీ సూదుల్లా చెక్కి పెట్టుకుంది. ముందు ఒక షీటు. అదే ఊరు. ధాన్యం గోదాముల పక్కన కరెంటు సబ్‌స్టేషను.

"అక్కా, లోపల ఎంతమందని రాయాలి? ఫోటోలో నలుగురున్నారు."

"ఫోటో ఎప్పటిది?"

"పదో తారీఖుది."

"పదో తారీఖు నించి ఆ ఊళ్ళో ఇంకేం పోయాయో ఫైలు తీసి చూడు. అవి పోయాక జనం ఇక్కడికి వస్తున్నారేమో చూడు. ఇవాళ్టి ఫోటో అడుగు."

"ఇవాళ్టిది అడిగితే షీటు వెనక్కొస్తుందంటగా."

"వస్తుంది."

"మరి మధ్యాహ్నం ప్యాకేజీ?"

"ఆగుతుంది."

నేనేదో బూతు మాట అన్నట్టు చూసింది. నాకు తెలుసు ఆ చూపు. పదిహేను రోజుల కిందట నేనూ అలాగే చూసేదాన్ని.

"దానికి గడి లేదక్కా."

"అంచులో రాయి. జనం తెలీదు, ఇవాళ్టి ఫోటో కావాలి, అని. కింద నీ సంతకం పెట్టు."

"సార్ తిడతారు."

"తిడతాడు. రాయి."

గేటు నించి సెక్యూరిటీ ఆయన వచ్చాడు, టైమయిందమ్మా అని. వస్తున్నానన్నాను. మళ్ళీ పిలిచాడు. నా సంచి తీసుకుని తలుపు దగ్గర పెట్టాడు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల పెన్సిలు పట్టుకుని నన్ను చూస్తోంది, సెక్యూరిటీ ఆయన్ని చూస్తోంది, షీటు చూస్తోంది. చేతులు పట్టి బయటికి లాగాల్సొస్తుందని ఆయన భయపడుతున్నాడు పాపం, పెద్దమనిషి.

రాసింది. చదివాను. ఆ పిల్ల సంతకం కూడా పెట్టాక కదిలాను.